దిగులుకో గులకరాయి

ఆకాశం విరిగిపడితే ఆపడానికి తీతువు పిట్ట కాళ్ళు పైకెత్తి పడుకుంటుందని జనం చెప్పుకుంటారు. అలా పడుకోగా కళ్ళారా చూసినవారు ఎవరూ కనబడలేదు కనుక ఆ మాటను పక్కన పెడదాం. పెన్న ఏటి నడుమ గులకరాళ్ళ దిబ్బ మీద కాపురమున్న ఒక తీతువుకు దిగుళ్ళు ఎక్కువన్నది మాత్రం వట్టి మాట కాదు.

అది ఎండాకాలం. ఏరు ఎండి, ఇసుకలో తవ్విన చెలమల్లోనే నీళ్ళు మిగిలాయి. తీతువు రాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటే పెద్ద గూడేమీ కాదు. చిన్న గుంట, చుట్టూ గులకరాళ్ళు. గుడ్లదీ రాళ్ళ రంగే, రాళ్ళ మచ్చలే. పోయిన ఏడు పెట్టినవి వరదకు కొట్టుకుపోయాయి. అంతకు ముందువి కాకుల పాలయ్యాయి. ఈ ఏడైనా పిల్లలు కళ్ళు తెరవాలి. దాని బతుక్కి ఉన్న గురి అదొక్కటే. అందుకే ఎద్దు వస్తే అరుపు, గాలి వీస్తే అరుపు, మబ్బు నీడ కదిలినా అరుపు. మిట్టమధ్యాహ్నం గుడ్లు ఉడికిపోకుండా చెలమలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి వాటిని చల్లార్చాలి. తడుపుకోవడానికి బయలుదేరేది; కాకి గుర్తొచ్చి సగం దారిలోనే వెనుదిరిగేది.

"ఏమ్మా, ఏ పనీ తెమలడం లేదా?" అన్నది గట్టు మీది నక్క.

ఆ నక్క దిబ్బనంతా ఎన్నోసార్లు వెదికి, ఎన్నోసార్లు ఉత్త నోటితో తిరిగి వెళ్ళింది. తీతువుకు ఆ సంగతి తెలుసు. వెంటనే రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ గూటికి ఎదురు దిక్కుకు నడిచింది.

"ఆ కుంటి వేషం చాలించు తల్లీ. ముసలిదాన్నయ్యాను, పళ్ళు కదులుతున్నాయి. గుడ్లు ఎక్కడున్నాయో నాకు చెప్పనే వద్దు. చెప్పినా చెవులు మూసుకుంటాను. నీ అరుపులకు కంటి మీద కునుకు లేదు. అదొక్కటే నా బాధ."

"అరవక ఏం చేయను అత్తా? తల నిండా దిగుళ్ళే. ఏది ముందో ఏది వెనకో తెలియదు."

"చూశావా, నీ తల సంతయిపోయింది. సరుకు దించితే తప్ప బండి కదలదు. పూర్వం రాజులు ఒక్కో చింతకు ఒక్కో రాయి పెట్టి, చింతను దాని మీదే వదిలేసి, హాయిగా నిద్రపోయేవారట."

ఏ రాజులో నక్క చెప్పలేదు, తీతువు అడగలేదు. అలసిపోయినవారు ఆధారాలు అడగరు.

"పెద్ద దిగులు ముందు, చిన్నది వెనక. ఈ గట్టు కింద వరుసగా పేర్చు. పేర్చిన దాని వైపు మళ్ళీ చూడకు. తల ఖాళీ అయితే గురి దానంతటదే కుదురుతుంది."

"రాళ్ళు ఎక్కడినుంచి తేను?"

"అదీ నేనే చెప్పాలా? ముక్కుకు అందినవి తెచ్చుకో" అని నక్క అటు తిరిగి పడుకుంది.

దిగులు పుట్టేది గుడ్ల మీద కూర్చున్నప్పుడే. ముక్కుకు అందేది కూడా అక్కడి రాయే. వరదకు ఒక రాయి, కాకికి ఒకటి, ఎద్దు డెక్కకు ఒకటి, పుచ్చపాదులకు వచ్చే బండి చక్రానికి ఒకటి. నక్క చూస్తుందేమోనని ప్రతి రాయినీ చుట్టుదారిన మోసింది. ఆకాశం కూలడానికి అన్నిటికంటే పెద్ద రాయి ఏరింది. వరుస పెరిగిన కొద్దీ తల తేలికైంది. నిజంగానే తేలికైంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు చెలమకు తిన్నగా వెళ్ళేది, తిన్నగా వచ్చేది.

ఒకనాడు చెలమ దగ్గర ముసలి ఎద్దు మూతి పైకెత్తి పలకరించింది. "ఏమే పిల్లా, ఈమధ్య నా మొహం మీద అరవడం మానేశావు. గొంతు పోయిందా?"

"గొంతు కాదు తాతా, దిగులు పోయింది. నీ డెక్కను ఒక రాయి చేసి వరుసలో పెట్టేశాను."

"పెట్టావు సరే. నా కాలు ఎక్కడ పడుతుందో ఆ రాయి చూసుకుంటుందా?"

"నీ బుర్రకు ఇవి ఎక్కవులే తాతా."

"ఇల్లు అలకగానే పండగ కాదమ్మా. నువ్వు అరిస్తే అటు పోకూడదని తెలిసేది. ఇక ఎటు పోకూడదో నాకెవరు చెప్తారు?"

తీతువు నవ్వి, పొట్ట తడుపుకొని ఎగిరింది. దారిలో తొందరపడలేదు. ఎన్నడూ ఎగరనంత ఎత్తుకు పోయింది. అంతకు ముందు దిగులు దాన్ని ఎగరనిచ్చేది కాదు. పైనుంచి చూస్తే దిబ్బంతా రాళ్ళే. ఒక్క చోట మాత్రం, ఊడ్చి కళ్ళాపి చల్లిన వాకిలిలా, గుండ్రంగా నున్నటి ఇసుక. దాని నడుమ నాలుగు గుడ్లు, ముగ్గులో చుక్కల్లా.

గట్టు మీద లేచి నిలబడిన నక్కకు కూడా అవి కనబడుతున్నాయి.

తీతువు రాయిలా కిందికి రాలి, నక్క కాళ్ళ ముందే రెక్క ఈడ్చింది, పడింది, దొర్లింది. నక్క దాన్ని దాటుకొని నింపాదిగా నడిచింది.

"ఎక్కడున్నాయో నీకు నేను చెప్పనే లేదు కదా, అత్తా."

"లేదు తల్లీ, నీ గుట్టు నువ్వు దాచుకున్నావు. ఇన్నాళ్ళూ వాటిని నా కంట పడనివ్వనివి ఆ రాళ్ళు. వాటికి సెలవిచ్చి పంపింది నువ్వే."

"పళ్ళు కదులుతున్నాయన్నావు."

"గుడ్లకు పళ్ళెందుకే?"

తిన్నాక నక్క మూతి నాకుకుంటూ, గట్టు కింది వరుసలో ఒక్క రాయి కూడా చెదరకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.

తీతువు వట్టి గుంటలో కూర్చుంది. పొట్ట ఈకల్లోని తడి ఇసుకలోకి ఇంకిపోయింది. ఎండ వాలాక ఎద్దు అటుగా వచ్చేసరికి, అది గట్టు కిందినుంచి ఒక్కో రాయినీ మోసుకొచ్చి గుంట చుట్టూ పేరుస్తోంది. ఏ రాయి ఏ దిగులుదో దానికిప్పుడు గుర్తులేదు.

"ఇంకెందుకే పిల్లా?" అన్నది ఎద్దు.

తీతువు ఇంకో రాయి తెచ్చి గుంట అంచున పెట్టింది. ఎద్దును చూసి అరవలేదు. ఎద్దే వట్టి గుంటను తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్ళింది.

నీతి: నీ మనసు సర్దిపెడతానని వచ్చినవాడి కడుపు నిండి ఉందో లేదో ముందు చూసుకో.