కాకతువ్వ తురాయికి రంగొచ్చిన సాయంత్రం

ఒకప్పుడు కాకతువ్వలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒళ్లంతా తెలుపు. తలమీది తురాయి కూడా తెలుపే. తూర్పు సముద్రం నడుమ ఒక దీవిలో, పెద్ద పెద్ద చెట్ల తొర్రల్లో కాపురముండేవి. గుంపుగా ఎగిరితే మబ్బుకే రెక్కలొచ్చాయేమో అనిపించేది.

గుడ్డు పెట్టాక ఆలుమగలు వంతులేసుకుని పొదిగేవి. వంతుకొచ్చిన పక్షి తొర్ర అంచు మీద ముక్కుతో టకటక కొట్టేది. లోపలున్నది మేతకు వెళ్లిపోయేది. మాటలుండేవి కావు. మాట్లాడితే గుడ్డుకు నిద్ర చెడుతుందని వాటి పట్టింపు.

నురగ, పింజ కొత్త జంట. అది వాళ్ల తొలి గుడ్డు. ఇవాళో రేపో పిల్ల రావాలి. ఆ మధ్యాహ్నం టకటక వినబడింది. తెల్లటి రెక్క కనబడింది. మొగుడే వచ్చాడనుకుని నురగ హాయిగా ఎగిరిపోయింది.

వచ్చింది పింజ కాదు, ఒడ్డున ఉండే మరో కాకతువ్వ, గొడుగయ్య. బాదంకాయ పగలగొట్టుకోడానికి అక్కడ వాలాడు. పప్పు తిని తన దారిన పోయాడు.

పొద్దువాలాక నురగ తిరిగొచ్చింది. తొర్రలో ఎవరూ లేరు. గుడ్డు చల్లబడుతోంది. చుట్టూ వెతికితే, పింజ పక్కచెట్టు తొర్రలో కళ్లు మూసుకుని, ఎంతో ప్రేమగా పొదుగుతున్నాడు.

"ఏవయ్యా, అది ఎవరి గుడ్డు?"

పింజ కిందికి చూసుకున్నాడు. "మనది కాదా?"

"అది తామరక్కది. ఆవిడ నిన్ను వాళ్లాయన అనుకుని వెళ్లుంటుంది. మనది చల్లారిపోతోంది."

ఇద్దరూ పరుగున వచ్చారు. నురగ గుడ్డును రెక్కల్లో పొదువుకుంది. అయినా వేడి చాలలేదు. అప్పటికే సూర్యుడు నీళ్లను తాకబోతున్నాడు. కాసేపు ఆగమని నురగ బతిమాలింది. తను మునగకపోతే అవతలి ఒడ్డున తెల్లవారదని సూర్యుడు చెప్పాడు. కానీ అతనికీ మనసు కరిగింది.

"సరే పిల్లా, మెల్లగా మునుగుతాను. గాలి తగలకుండా చూసుకోండి."

పింజ తొర్ర పక్కన నిలబడి తురాయి విప్పి గాలికి అడ్డుపెట్టాడు. పసుపు ఎండ దాన్నిండా పట్టింది. సంగతి తెలిసి, తన గుడ్డును వాళ్లాయనకు అప్పజెప్పి తామరక్క వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. ఆమె తురాయి లోపలి ఈకలు గులాబీ రంగు తేలాయి. గొడుగయ్య సిగ్గుపడుతూ అందరికన్నా ఆఖరున వచ్చాడు. అప్పటికి సూర్యుడు మునిగిపోయాడు. రంగేం దక్కలేదు. అయినా తురాయిని గొడుగంత వెడల్పుగా విప్పి నిలబడ్డాడు.

గుడ్డు లోపలినుంచి టక టక వినబడింది.

"లేవవే నురగా," అన్నాడు పింజ, "ఇక పిల్లదాని వంతు."

అప్పటినుంచే కాకతువ్వల్లో పింజ వంశానికి పసుపు తురాయి, తామర వంశానికి తెలుపు కింద దాగిన గులాబీ తురాయి, గొడుగయ్య వంశానికి వెడల్పాటి తెల్ల తురాయి. ఎక్కడ వాలినా సరే, ముందుగా దాన్ని ఒక్కసారి విప్పి, నేనే వచ్చానని ఇంట్లోవాళ్లకి చూపిస్తాయి.