పాలంటిన బొటనవేలు

లోకనాథం గురువుగారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. జ్ఞానం కోసం వచ్చి పశువుల పాక ఊడ్చినవాళ్ళలో సగం మంది మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. అసిరమ్మ మాత్రం పదకొండేళ్ళుగా వస్తూనే ఉంది. ఆమె తంపరలో తుంగ కోసుకుని, చాపలల్లి బతికే మనిషి. తంపర అంటే ఊరి పల్లంలో ఏడాది పొడుగునా చెమ్మ ఆరని గడ్డినేల.

ఆ ఉదయం ఆమె రొప్పుతూ వచ్చింది. తంపరను రొయ్యల చెరువులకు ఇచ్చేస్తున్నారట. సర్వే అధికారి ఒకాయన కాగితం కూడా రాసుకొచ్చాడు: "పిచ్చి మొక్కలు తప్ప మరేమీ లేని నిరుపయోగమైన బీడు." నిజమేనని ఇంటికొకరు దాని కింద వేలిముద్ర వెయ్యాలట. ముద్ర పడిన మర్నాడే కంచె వేస్తారు. ఆ తరవాత అసిరమ్మకు తుంగ లేదు, చాప లేదు, కూడు లేదు.

"గురువుగోరూ, కోపం ఒదిలీమని పదకొండేళ్ళుగా సెప్తన్నారు. సానా మట్టుకు ఒదిలీసినాను. మా తోటికోడలి మీదున్నది కూడా ఒదిలీసినాను. ఇది కూడా ఒదిలీమంతారేటి?"

గురువుగారు చూరులోంచి కొడవలి తీశారు. "తుంగ ముదిరిపోతంది. పద, కోద్దాం."

అసిరమ్మకు ఒళ్ళు మండిపోయింది. నేల పోతుందని మొత్తుకుంటుంటే తుంగ కొయ్యమంటాడేమిటి ఈ పెద్దమనిషి! అయినా వెనకే నడిచింది. కోసింది. కోపమంతా కొడవలి మీద చూపించింది కాబట్టి మధ్యాహ్నానికే తొమ్మిది మోపులయ్యాయి.

అక్కడి ఆడవాళ్ళు తుంగ మోపుకు తాడు వాడరు. తుంగను పట్టుకుని పాకే తీగ ఒకటుంది, దూదిపాల అంటారు. గిన్నెల్లాంటి తెల్లటి పూలు, వాటి లోపల ఊదా గీతలు. కాయ పగిలితే దూది ఎగురుతుంది. ఎర్ర రెక్కల సీతాకోకచిలుకలు వెతుక్కుంటూ వచ్చి దాని ఆకుల మీద గుడ్లు పెడతాయి. నోరు పూస్తే ఆ తీగ కాచిన నీళ్ళే పుక్కిలిస్తారు. ఆ తీగను బొటనవేలి గోటితో తుంచి మోపు చుట్టూ బిగిస్తారు. తుంచిన చోట పాలు కారి, వేలి గీతల్లో జిగురులా ఆరిపోతాయి. పేరు తెలియని ప్రతిదాన్నీ పిచ్చి మొక్క అనేయడం ఎవడు మొదలుపెట్టాడో గాని, వాడికి తెలివి మాత్రం తక్కువే. ఇన్ని పనులకొచ్చే మొక్క పిచ్చిదైతే, బూట్లకు బురద అంటకుండా గట్టు మీద నిలబడి బీడు అని రాసినవాణ్ణి ఏమనాలి?

ఆ రాసినాయనే కాగితమూ సిరా పెట్టె పట్టుకుని ఎండ వేళకు గట్టు మీదికి వచ్చాడు. తంపరలో తుంగ కోస్తున్న ఆడవాళ్ళందరినీ పిలిచి వరసగా నిలబెట్టాడు. అసిరమ్మ కదలకపోతే, ఆమె మణికట్టు పట్టుకుని లాగి, బొటనవేలు సిరాలో అద్ది, తానే కాగితం మీద నొక్కాడు.

నల్లటి మరక పడింది. అందులో ఒక్క గీత లేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మరకే.

"ఏం పూసుకున్నావు వేలికి?"

"మీరు పిచ్చి మొక్కని రాసినారు కదా బాబూ. దాని పాలు."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "పో, కడుక్కుని రా!"

కాలవ నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. అసిరమ్మ ఆ నీళ్ళ వంక చూసింది, ఆయన పట్టుకున్న తన మణికట్టు వంక చూసింది. ఎన్నేళ్ళుగానో గొంతులో అణుచుకున్నదంతా ఒక్క మాటగా బయటికి వచ్చింది.

"కడగను."

వెనక నిలబడ్డ గున్నమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. ఆమె బొటనవేలికీ పాలు ఆరి ఉన్నాయి. "నానూ కడగను" అంది. మూడో మనిషి వంగి, ఇంకో తీగ తుంచి మోపు కట్టుకుంది.

"రేపొద్దున్నే వస్తాను. అప్పుడెలా వెయ్యరో చూస్తాను" అని ఆయన విసవిసా వెళ్ళిపోయాడు.

గురువుగారు ఇదంతా తన మోపు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. అసిరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"కోపం పోనాదా?" అని అడిగారాయన.

"నేదు గురువుగోరూ. ఎక్కువైనాది."

ఆయన కొడవలి ఆమె చేతికిచ్చారు.

"అయితే రేపు ఆయన కంటే ముందే రా. కొయ్యాల్సిన తుంగ ఇంకా సానా ఉంది."