ఉప్పు సుంకన్న రాయి

అప్పుడెప్పుడో, మీ తాతల తాతలకు గోచీ కట్టుకోవడం ఇంకా చేతకాని రోజుల్లో, గువ్వలపల్లె అని ఒక ఊరు ఉండేది. ఇప్పటికీ ఉంది. మనుషులు మారారు, బుద్ధులు అవే.

ఊరి పక్కన ఒక వంక. ఎండాకాలంలో అందులో మేక కాలు తడవదు. వాన పడితే ఏనుగు కూడా దాటదు. మంత్రసాని వీరమ్మ ఇల్లు వంకకు అవతల. రంగప్ప కల్లుపాక వంకకు ఇవతల. ఊరు కట్టిన పెద్దల తెలివి అంతటిది.

ఆ ఊళ్ళో సుంకన్న అని ఒకడు ఉప్పు అమ్ముకుని బతికేవాడు. అతనికి ఒక భార్య, ఒక కూతురు, ఒక గాడిద. పగలంతా గాడిద మీద ఉప్పు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పొద్దు వాలేది. కాళ్ళు లేచేవి. గాడిద నడిచేది. నడిచి నడిచి రంగప్ప పాక ముందు ఆగేది.

ఒక వానాకాలం సాయంత్రం భార్య తిమ్మక్కకు రెండో కాన్పు నొప్పులు వచ్చాయి.

"వంక పొంగకముందే వీరమ్మను పిలుచుకుని రా" అంది.

సుంకన్న గాడిదను తోలుకుని బయలుదేరాడు. వంకకు దారి పాక మీదుగానే. గాడిద ఆగింది. "ఒక్క ముంతే" అన్నాడు సుంకన్న. ముంత అడుగు కనబడేసరికి వంక పొంగింది. వీరమ్మ ఆ గట్టున, ఇతను ఈ గట్టున. తెల్లారి నీళ్ళు తగ్గి వీరమ్మ వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

ఊరంతా సుంకన్నను తిట్టింది. పాకలో కూర్చుని తిట్టింది. సుంకన్న కూడా అక్కడే కూర్చుని విన్నాడు.

ఏళ్ళు గడిచాయి. కూతురు లచ్చుమక్క పెద్దదైంది. ఊళ్ళోనే మేనత్త కొడుక్కి ఇచ్చారు. చలి ముదిరిన రోజుల్లో ఒకనాడు ఆమె వచ్చి తండ్రి ముందు కూర్చుంది.

"నాయనా, వానలకు నాకు నెలలు నిండుతాయి" అంది.

అంతే అంది. తల్లి పేరు ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే సుంకన్నకు తేలికయ్యేది.

వీరమ్మను ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అంటారు మీరు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆమె ఒక్కతే మంత్రసాని. మీ ఇంటికొచ్చి కూర్చుంటే మిగతా ఊళ్ళ పిల్లలు కడుపులో ఆగుతారా? ఆమె వస్తే వంక దాటే రావాలి. వంక మీద దారి కావాలి. దారి వేయాలంటే సాయంత్రాలు కావాలి. సాయంత్రాలన్నీ రంగప్ప దగ్గర ఉన్నాయి.

సుంకన్న కల్లు మానాలనుకున్నాడు.

మొదటిసారి సుంకులమ్మ గుడిలో దీపం ఆర్పి ప్రమాణం చేశాడు. ఆ తల్లి అలాంటి ప్రమాణాలు చాలా చూసింది. పొద్దు వాలింది. కాళ్ళు లేచాయి. గాడిద నడిచింది. పాక ముందు ఆగింది.

రెండోసారి గుట్ట చుట్టూ వేరే దారి పట్టాడు. గాడిద సగం దూరం వచ్చి ఆలోచించింది. వెనక్కి తిరిగి యజమానిని క్షేమంగా పాకకు చేర్చింది.

మూడోసారి తనను గుంజకు కట్టేయమని కూతురికి తాడు ఇచ్చాడు. ఆమె ఏడుస్తూ కట్టింది. పొద్దు వాలింది. కాళ్ళు లేచాయి. గుంజ ఊడింది. గుంజతో సహా పాకకు వచ్చిన మనిషిని చూసి రంగప్ప, "మామా, గుంజకు కూడా ఒక ముంత పొయ్యనా?" అన్నాడు. పాకంతా నవ్వింది. సుంకన్న ముంత అందుకున్నాడు గానీ నవ్వలేదు.

మర్నాడు కూతురితో అన్నాడు: "అమ్మా, పొద్దు వాలితే నా కాళ్ళు లేస్తాయి. వాటిని కూర్చోబెట్టడం నా వల్ల కాదు. లేవనీ. వేరే పనికి పంపుతా."

ఆ సాయంత్రం కాళ్ళు లేవకముందే గుట్ట కిందికి పోయి, ఎత్తగలిగినంత రాయి ఎత్తి గాడిద మీద వేశాడు. గాడిద పాక ముందు ఆగింది. సుంకన్న లాగాడు. అది కదల్లేదు. లోపల ముంతల చప్పుడు. సుంకన్న కళ్ళు మూసుకుని తాడు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి వీపు మీది బరువు గాడిదకే విసుగు తెప్పించింది. నడిచింది. రెండో సాయంత్రం కాసేపే ఆగింది. మూడో సాయంత్రం పాక వైపు ఒక చెవి తిప్పి, ఆగకుండా పోయింది.

సుంకన్నకు మాత్రం అంత తొందరగా కుదరలేదు. గాడిద కంటే మనిషికి తెలివెక్కువ కదా, రోజుకొక సాకు దొరికేది. నోరు ఎండేది. అయినా రోజూ ఒక రాయి వంకలో పడేది. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, నీళ్ళు సందుల్లోంచి పోయేలా పేర్చేవాడు.

"ఏం మామా, వంకకు పెళ్ళా? అరుగు కడుతున్నావా?" అని పాకలోంచి కేకలు వేసేవాళ్ళు. సాయం పట్టినవాడు ఒక్కడూ లేడు. ముంత కింద పెడితే ఒలికిపోతుంది మరి.

దారి సగం దాటింది. అవతలి గట్టు దగ్గరైంది. సుంకన్నకు చలిజ్వరం పట్టుకుంది.

"ఈ ఒక్క రోజు పడుకో నాయనా" అంది లచ్చుమక్క, నిండు కడుపుతో గుమ్మంలో అడ్డం నిలబడి.

"ఒక్క రోజు మానితే ఆ రోజు ఎక్కడికి పోతానో నీకు తెలీదు తల్లీ. నాకు తెలుసు."

పొద్దు వాలింది. కాళ్ళు లేచాయి. గాడిద నడిచింది. సుంకన్న ఆనాటి రాయి దింపి వంకలో పెట్టాడు. సరిగ్గా కుదరలేదు, కాస్త ఊగింది. సరిచేద్దామని ఊపిరి తీసుకోవడానికి పక్కనే కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. తెల్లారి జనం పోయి చూస్తే గాడిద వంకలో అతని పక్కనే నిలబడి ఉంది.

అతన్ని పూడ్చిపెట్టి అందరూ పాకకు పోయారు. దుఃఖం కదా.

పొద్దు వాలింది. లేచే కాళ్ళు లేవు. గాడిద నడిచింది. ఒంటరిగా గుట్ట కిందికి పోయి రాయి కోసం నిలబడింది. ఎవరూ వేయలేదు. ఖాళీ వీపుతో పాక ముందు నుంచే పోయింది, ఆగలేదు. వంకలో దిగి, ఊగే రాయి దగ్గర నిలబడింది. రెండో సాయంత్రం అంతే. మూడో సాయంత్రం అది గుట్ట కింద నిలబడి ఉండగా రంగప్ప ముంత బోర్లించి, పాక తడిక వేసి వెళ్ళి గాడిద వీపు మీద రాయి పెట్టాడు. పోసేవాడు లేక తాగేవాళ్ళు కూడా తలా ఒక రాయి ఎత్తుకుని వెంట నడిచారు. మా ఊరివాళ్ళు మంచిపని చేశారంటే కారణం అదే, ఇంకేమీ కాదు.

వానలకు ముందే దారి అవతలి గట్టు తాకింది. వంక పొంగిన రోజునే లచ్చుమక్కకు నొప్పులు వచ్చాయి. వీరమ్మ రాళ్ళ మీద నడిచి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. చూడవలసినవాడు చూడలేదు.

ఇప్పటికీ గువ్వలపల్లెలో ఇంట్లో ఆడది నీళ్ళోసుకుంటే ఆ ఇంటి మగవాడు రోజూ పొద్దు వాలగానే ఒక రాయి మోసి వంక దారిలో వేస్తాడు. వేసిన తర్వాత పాకకు పోతాడు, మానేశారని నేను చెప్పలేదు. కానీ ముందు రాయి.

సుంకన్న పెట్టిన ఆ చివరి రాయిని ఎవరూ సరిచేయలేదు. ఇప్పటికీ ఊగుతుంది. బిడ్డను చంకనెత్తుకుని దాటే ఏ తల్లైనా దాని మీద కాలు వేసి, అది కదలగానే, ఒక్క క్షణం ఆగుతుంది.

"తాతా, మేమే" అని చెప్పి, దాటిపోతుంది.