అదురుకి ఎదురు బిళ్ళ

జొన్నవలసలో బుర్రంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని పిండిమర తవిటయ్య నమ్మకం. భార్య గౌరమ్మదీ, తమ్ముడు సన్నాసిదీ అదే మాట. ముగ్గురూ ఒకటే అన్నాక అబద్ధమెలా అవుతుంది?

వాళ్ళ మర ఆడితే పక్కింటి గోడ బీటలిచ్చేది. పంచాయతీ ఆఫీసరొచ్చి, శుక్రవారం మళ్ళీ వస్తాననీ, మర అదిరిందంటే ఆ క్షణమే తాళం పడాలనీ చెప్పిపోయాడు. మర ఆగితే పొయ్యి ఆగుతుంది. ఆ బాధ పడ్డవాడికే తెలుసు. తవిటయ్య పరుగున పోయి పట్నం నుంచి ఇంజనీరమ్మని తెచ్చాడు.

ఆవిడ మరకి పలచని బిళ్ళొకటి అంటించి, వైరుతో చిన్న పెట్టెకి కలిపింది. మర అదిరితే బిళ్ళకి తెలుస్తుందట. పెట్టె కరెంటు పంపితే ఆ బిళ్ళే సాగుతూ ముడుచుకుంటూ, ఎంత అదిరితే అంత ఎదురు తోస్తుందట. వేగం మారినా తనే సర్దుకుంటుందట. అన్నట్టే మర రాయిలా నిలబడి ఆడింది.

"అదురు ఎక్కడుంటే బిళ్ళ అక్కడుండాలి, మరిచిపోకండి" అని ఆవిడ బస్సెక్కింది.

ఇంకేముంది, మర్నాడు గౌరమ్మకి కుడికన్ను అదిరింది. ఆడదానికి అది కీడు.

"అదురిక్కడుంటే బిళ్ళ అక్కడుందేటిరా సన్నాసీ?" అంది.

సన్నాసి బిళ్ళ ఊడబెరికి వదిన రెప్పకి అంటించాడు. అంతే, కన్ను కొట్టుకుంటే బిళ్ళ ఎదురు కొట్టింది. వైరు చాలక ఆవిడ మర పక్కనే వంగి నిలబడి, పిండికొచ్చిన ప్రతి మగాడికీ కన్నుకొట్టింది. వాళ్ళలో ఒకడి పెళ్ళాం చీపురు పట్టుకునొచ్చింది. చీపురు చూసి సన్నాసికి గుండె అదిరింది. ఇంకేముంది, బిళ్ళ రెప్ప మీంచి రొమ్ము మీదికెక్కింది. గుండె దడ అంటే బిళ్ళ దడదడ అంది. వాడు పిండిలో పడి దొర్లాడు.

ఆ దొర్లాటలోనే శుక్రవారం వచ్చేసింది, వెనకే ఆఫీసరూ వచ్చాడు. తవిటయ్య బిళ్ళని రొమ్ము వెంట్రుకలతో సహా పీకి మరకి అతికించాడు. ఆఫీసరు మర మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టి, ఆడించమన్నాడు. చుక్క తొణకలేదు. ఆయన ముఖం విప్పారింది.

"అదిరిందయ్యా నీ మర!"

తవిటయ్య నీరుగారిపోయాడు. తన కంటికి అదరలేదు. అయినా చదువుకున్నాయన అబద్ధమాడతాడా? మాటంటే మాటే. చిత్తమని బయటికొచ్చి, తలుపు లాగి, తాళం వేసేశాడు.

లోపలి నుంచి ఆఫీసరు బాదుడు మొదలెట్టాడు.

"అన్నా, తలుపు అదురుతోంది" అన్నాడు సన్నాసి.

"బిళ్ళేమో లోపలుండిపోయిందిరా" అని తవిటయ్య తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

అంతే, ఇంకో బిళ్ళ తేవడానికి ముగ్గురూ పట్నం బస్సెక్కారు.