పుల్లమ్మ దాచిన ముక్క

పొద్దున్నే తోడుపెట్టిన పాలకుండ అది. గోరువెచ్చటి ఆ పాలలో పెరుగు బ్యాక్టీరియా కాపురం. కంటికి కనపడని జీవులే అయినా పనిలో మహా గట్టివి. ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులా నిలబడి పాలను పులియబెడుతున్నాయి. ఆ గొలుసులో పుల్లమ్మ, ఆమె పక్కనే గుండక్క.

అంతలో సూదిగాడనే వైరస్ వచ్చి గుండక్క వీపున వాలాడు.

"అక్కా, నీకో ఉత్తరం."

"ఎవరు రాశారు?"

"చదివితే నీకే తెలుస్తుంది" అంటూ తనలో చుట్టిపెట్టుకున్న సన్నటి పోగును ఆమె ఒంట్లోకి దించేశాడు.

'నాలాంటి వాళ్లను తయారుచెయ్యి.' ఆ పోగులో రాసి ఉన్నది అంతే. చదివాక గుండక్క ఒళ్లు ఆమె మాట వినలేదు. పాల పని వదిలేసి సూదిగాళ్లను చెయ్యడం మొదలుపెట్టింది.

"పుల్లమ్మా, నీ దగ్గరికొస్తే చదవకే!" అని అరిచింది. మరుక్షణం పగిలిపోయింది. లోపల్నుంచి వందమంది సూదిగాళ్లు బయటపడ్డారు.

పుల్లమ్మకు ఏడ్చే తీరిక కూడా దొరకలేదు. ఆ వందలో ఒకడు అప్పుడే ఆమె మీద వాలాడు. వాడి పోగు సగంలోనే తెగి ఉంది, బలం చాలలేదు. పుల్లమ్మ దాన్ని చదవకుండానే ముక్కలు చేసి, ఒక ముక్కను తన సొంత పోగు మొదట్లో అతికించుకుంది.

"పారెయ్యక ఇంట్లో పెట్టుకుంటావేం?" అని నవ్వాడు అవతలి పక్కనున్న పెరుగయ్య.

"వాడు మాట మార్చి వస్తాడు బావా. రాత మార్చడం అంత తేలిక కాదు. నా పిల్లలు వాణ్ని చూడగానే గుర్తుపట్టాలి."

కాసేపటికి పుల్లమ్మ రెండుగా చీలి ఇద్దరైంది, ఇద్దరు నలుగురయ్యారు. ప్రతి కూతురి ఒంట్లోనూ ఆ ముక్క ఉంది.

సూదిగాళ్లు మళ్లీ విరుచుకుపడ్డారు. ముందు పెరుగయ్య పగిలాడు. ఆ ఊపులో ఒకడు పుల్లమ్మ చిన్న కూతురి మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, మీ పెద్దమ్మ గుండక్క కబురు పంపింది" అంటూ పోగంతా దించేశాడు. ఆ పిల్ల తన దగ్గరున్న ముక్కను ఆ పోగు పక్కన పెట్టి చూసింది. అక్షరం అక్షరం సరిపోయింది. వాడి పోగును కసుక్కున కత్తిరించింది.

"చదివావా?" అన్నాడు వాడు ఆత్రంగా.

"లేదు. పోల్చి చూశాను."

"అయితే నా పోగు నాకిచ్చెయ్యి!"

"ఏ ముక్క కావాలి?"

సూదిగాడికి ఉన్నది ఆ ఒక్క పోగే. అది పోయాక వట్టి డొల్లలా పాల మీద తేలాడు. పుల్లమ్మ కూతుళ్ల మీద వాలిన మిగతావాళ్లదీ అదే గతి. మధ్యాహ్నానికి కుండలో పెరుగు గడ్డలా తోడుకుంది.

నీతి: శత్రువు ఆనవాలు దాచి పిల్లల చేతికిచ్చిన ఇంట్లో, అదే మోసం రెండోసారి సాగదు.