మునసబు మీసాలు నాకిన కుక్క

గుమ్మడిపాడులో ఎవరింట పాలు కాగినా మీగడ మాత్రం మునసబు గంగినాయుడింటికి చేరాల్సిందే. గేదెను మేపుకుని బతికే పోలమ్మ పంపలేదు. ఆమె గేదె నోట్లో ముల్లు గుచ్చుకుని కాస్త చొంగ కార్చిందో లేదో, మునసబు దానికి గాలికుంటు రోగం అంటగట్టేశాడు. రోగపు గొడ్డునీ, దాన్ని తాకినవాళ్లనీ, వాళ్లను తాకినవాళ్లనీ, మళ్లీ వాళ్లను తాకినవాళ్లనీ నెల్లాళ్లు ఊరవతల పాకలో ఉంచాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటే. గేదెతోపాటు పోలమ్మా పాకలో పడింది.

మర్నాడు మునసబు ఊళ్లోవాళ్లను వెంటేసుకుని వేడుక చూడ్డానికి వచ్చాడు. ఆయన ముద్దుల కుక్క ఉరికి వెళ్లి పోలమ్మ పిక్క కరిచి, తిరిగొచ్చి ఆయన చంకెక్కి మీసాలు నాకింది.

"కరిచిన కుక్కను కట్టెయ్యాలన్నదీ మీ కట్టుబాటే కదా బాబూ," అంది పోలమ్మ.

"కరవలేదే. ముద్దుగా తాకింది, అంతే."

పోలమ్మ చీపురు తీసుకుని పాకలో ఓ మూల ఊడవసాగింది. "అయితే లోపలికి రండి బాబూ. కుక్క నన్ను తాకింది, ఆ నోటితోనే మిమ్మల్నీ తాకింది. గేదె పక్కన చోటుంది. నిద్దట్లో కాస్త తంతుంది, ఓర్చుకోవాలి."

వెనకున్న జనం మునసబుకు దూరంగా జరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ గేదెకు రోగమేమీ లేదు. ఇంటికి తోలుకుపో."

పోలమ్మ గేదె మెడలో పలుపు విప్పి, నెత్తురు కారుతున్న కాలితోనే నడిచొచ్చి మునసబు చేతిలో పెట్టింది.

"నాది పిలిస్తే వెనకాలే వస్తుంది బాబూ. ఇది మీదానికి కావాలి."