పీపా లోపలి రంగు

అనకాపల్లి పక్కన బెల్లం వండే ఊళ్ళో ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు ఎర్రయ్య, నడిపివాడు పైడయ్య, చిన్నవాడు దేముడు. లోకంలో ఉన్న తెలివంతా ఒక బెల్లం దిమ్మ అయితే అందులో ముప్పాతిక తామే తిన్నామని వాళ్ళ నమ్మకం. ముగ్గురి బుర్రలూ పెనంలో వేసి తెల్లవార్లూ కాచినా చిటికెడు బెల్లం రాదు. అయినా టీ బడ్డీ దగ్గర కాలు మీద కాలేసుకుని, "రుచంటే మా నాలుకదేరా. పాకం చుక్క తగిల్తే చాలు, ఏ తోట చెరుకో చెప్పేస్తాం" అనేవారు. ఒక్కసారీ సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు. పని రాకపోతే నేర్చుకోవచ్చు. వచ్చనుకునేవాడికి ఎవడు నేర్పుతాడు?

వాళ్ళ అక్క చినతల్లి మొగుడు చిన్నారావు విశాఖపట్నంలో కాంచనమాల గారి బీరు కార్ఖానాలో పనివాడు. ఆరు నెలలు తిప్పలు పడి ఒక పీపాడు ఇంగ్లీషు బీరు తయారుచేశాడు. ఇంగ్లీషువాళ్ళు పాతకాలం నుంచీ తాగే చేదు బీరు అది. తేనె రంగు, పల్చటి నురుగు, బావినీళ్ళంత చల్లదనం. నాలుక మీద ముందు కాస్త తీపి, వెనకాలే చేదు. ఆ చేదే దాని గొప్ప.

కాంచనమాల గారు ఖండితంగా చెప్పేసింది. "చిన్నారావూ, తాగుబోతుల మాట నాకొద్దు. వాళ్ళు దేనికైనా పదికి పది వేస్తారు. నిక్కచ్చిగా రుచి చెప్పేవాళ్ళని ముగ్గురిని తీసుకురా. రంగుకి పది, వాసనకి పది, రుచికి పది, మింగాక మిగిలేదానికి పది. నలభైకి ముప్పై దాటితే సరే. దాటకపోతే షెడ్డు మూసి సోడాలు కొట్టించుకుంటాను. నీకు పనుండదు."

"మా తమ్ముళ్ళుండగా బెంగెందుకు?" అంది చినతల్లి. అంతే, చిన్నారావు గోతిలో పడ్డాడు.

బయల్దేరే ముందు బావమరదులకి ఒకే మాట చెప్పాడు. "ఒరే, నాలుక మీద ఏ రుచీ మిగలకుండా కడుక్కుని రండి."

ఇంకేముంది, ముగ్గురూ కొబ్బరిపీచు, బూడిద తెచ్చి, పెనం తోమినట్టు నాలుకలు తోమారు. తోమి తోమి ఒకడి నాలుక మీద ఒకడు ఉప్పు వేసి చూసుకున్నారు.

"ఏటైనా తెలుస్తందేట్రా?" అన్నాడు ఎర్రయ్య.

"ఏటీ తెల్డం నేదన్నా" అన్నాడు దేముడు.

"అయితే శుభ్రమైనట్టే."

కార్ఖానాలో కాంచనమాల గారు ముగ్గురికీ తలో గ్లాసు, తలో కాగితం ఇచ్చింది. "ముందు వెలుతుర్లో పెట్టి రంగు చూడండి" అంది.

గ్లాసులు పట్టుకెళ్ళి నడి ఎండలో పెట్టి, చుట్టూ గొంతుకూర్చున్నారు. గంటయింది. రెండు గంటలయ్యాయి. చిన్నారావు వచ్చి, "ఏం చేస్తున్నారర్రా?" అన్నాడు.

"చూస్తన్నాం బావా. ఎప్పటిదాకా చూడాలో అమ్మగారు చెప్పనేదు" అన్నాడు పైడయ్య. ఈలోగా గ్లాసులో ఈగ పడింది. 'రంగు మధ్యలో నల్లచుక్క' అని కాగితం మీద రాసుకున్నాడు.

చిన్నారావు ఆ వేడి బీరు పారబోసి మళ్ళీ పోసిచ్చాడు. "గుక్క నోట్లో పోసుకుని బాగా తిప్పండి, రుచి తెలుస్తుంది" అన్నాడు. బెల్లం ఊరివాళ్ళకి తిప్పడమంటే గానుగెద్దు తిరగడమే. అంతే, బుగ్గలు పూరించుకుని ముగ్గురూ పీపా చుట్టూ బయల్దేరారు. ఏడు చుట్లు తిరిగేసరికి దేముడికి కళ్ళు తిరిగి, నోట్లోది పైడయ్య వీపు మీద కక్కాడు.

కాంచనమాల గారు కాగితాలు తీసి చూసింది. మింగాక మిగిలింది అన్నచోట ఎర్రయ్య ముప్పై రెండు వేశాడు, పైడయ్య ముప్పై రెండు, దేముడు ఇరవై తొమ్మిది.

"పదికి ముప్పై రెండేమిటయ్యా?"

"పళ్ళండి. మింగాక లెక్కెట్టుకున్నాం. మావాడికి మూడు ఊడిపోయాయండి" అన్నాడు ఎర్రయ్య వినయంగా.

"మరి రుచి? చేదుందా, లేదా?"

తోమిన నాలుకలకి ఏం తెలుస్తుంది? తెలియలేదని ఒప్పుకుంటే వంశానికి మచ్చ. చిన్నారావు చెమటలు కక్కుతూ, "ఏదో ఒకటి చెప్పండ్రా, నా కొంప ములుగుతుంది" అని గొణిగాడు.

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, పైపైన తీసిన గ్లాసుడు చూసి మార్కులేసేవాడు మోసగాడు. మా బెల్లం బజార్లో దిమ్మ పగలగొట్టి లోపలి రంగు చూస్తేగాని మాటాడం. మా బావ సరుకు మేం అడ్డదిడ్డంగా చూస్తామేటి?"

ఇంకేముంది, గోడకానించిన గొడ్డలి తీసి పీపా మీద ఒక్కటి వేశాడు. ఆరు నెలల కష్టం భళ్ళున బయటికొచ్చి, కాంచనమాల గారి చెప్పులు తడుపుకుంటూ కాలవలోకి పోయింది. ఎర్రయ్య ఖాళీ పీపాలో తల పెట్టి, "పిప్పి నేదు, ఇసక నేదు, మచ్చ నేదు. నలభైకి నలభై ఏసెయ్‌రా" అన్నాడు. పైడయ్య వేశాడు.

చిన్నారావు నేల మీద కూలబడ్డాడు. కాంచనమాల గారు తడిసిన చెప్పులు విడిచింది. బల్ల మీద ఎవరూ ముట్టని గ్లాసొకటి మిగిలి ఉంటే తీసి ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది.

"చిన్నారావూ, లే. ఇంత మంచి చేదు నేనెప్పుడూ ఎరగను. రేపే ఇంకో పీపా మొదలుపెట్టు. పని నీదే. ఒక్కటే షరతు. ఈ ముగ్గురూ ఇక జన్మలో నా కంటికి కనబడకూడదు."

చిన్నారావు ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టబోయాడు. బావ పని నిలవాలంటే షరతు ఆ క్షణం నుంచే జరగాలి కదా. అంతే, ఎర్రయ్య భుజం మీది తువ్వాలు దులిపి, వెనకనుంచి వెళ్ళి కాంచనమాల గారి కళ్ళకు బిగించి కట్టేశాడు. పైడయ్య ఇంకో ముడి వేశాడు. దేముడు ముందుకొచ్చి చెయ్యి ఆడించి, "ఇప్పుడు కనబడతన్నామా అమ్మగారూ?" అని అడిగాడు.

తువ్వాలు వెనకనుంచి ఆవిడ నెమ్మదిగా అంది. "చిన్నారావూ, షెడ్డు తాళాలు బల్ల మీద పెట్టి నువ్వు కూడా వాళ్ళతోనే పో."

గేటు దాటుతుంటే ఎర్రయ్య బావ వీపు తట్టాడు. "చూసేవా బావా, నీ మీద ఎంత అభిమానమో. కళ్ళు కట్టేసినా నిన్ను పేరెట్టి పిలిచింది."